ఇంట్లోని మామూలు కంప్యూటరుతో ఒక్కరే రెండు నిమిషాల యానిమేషన్ చిత్రం తీయడం సాధ్యమేనా?

మీ దగ్గర ఎనిమిది జీబీ ర్యామ్, నాలుగు జీబీల పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు ఉందని, దానితో త్రీడీలో రెండు నిమిషాల చిత్రం తీయాలన్న కోరిక ఉందని, ముందుగా కొత్త కార్డు కొనుక్కోవాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ఇంచుమించు అటువంటి యంత్రం మీదే, ఉద్యోగం నుంచి వచ్చాక మిగిలే వేళల్లో, నేనొక చిన్న చిత్రం పూర్తి చేశాను. ఒక్కో ఫ్రేముకు, అంటే చిత్రంలోని ఒక్కో నిశ్చల బొమ్మకు, ఎంత సమయం కేటాయించగలమో కథ రాయకముందే తేల్చుకుని, ఆ గడువులో ఇమిడే కథను, ఇమిడే దృశ్యాలను ఎంచుకుంటే పాత యంత్రం కూడా పని పూర్తి చేసిపెడుతుందన్నది నా అనుభవం.

లెక్క ఇలా ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలకు 2,880 ఫ్రేములు కావాలి. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి, అంటే మనం అమర్చిన త్రీడీ దృశ్యాన్ని కంప్యూటరు లెక్కగట్టి తుది బొమ్మగా మార్చడానికి, ఐదు నిమిషాలు పడితే కంప్యూటరు పది రోజులు రాత్రింబవళ్లు ఆగకుండా నడవాలి. అదే ముప్పై సెకన్లే పడితే సరిగ్గా 24 గంటల్లో చిత్రమంతా చేతికొస్తుంది. పైగా ఏ షాటూ ఒక్కసారి రెండర్ చేయడంతో తెమలదు. చెయ్యి బల్లలోకి దూరిందనో, కన్నురెప్ప ఒక ఫ్రేము ఆలస్యంగా పడిందనో మళ్లీ రెండర్ చేయవలసి వస్తుంది కాబట్టి, పది రోజుల లెక్క నెల రోజులకు సాగడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే ఫ్రేముకు ఒక నిమిషం మించకూడదని నేను ముందే హద్దు గీసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ విషయంలో పెద్దగా ఆలోచించవలసింది లేదు. 2002 నుంచి ఓపెన్ సోర్సుగా ఉన్న బ్లెండర్ ఉచితం, ఆకారాలను తయారుచేసే మోడలింగ్ మొదలు ఎడిటింగ్ దాకా అన్నీ అందులోనే జరిగిపోతాయి. కొత్త వెర్షన్ మీ కార్డు మీద నడవకపోతే పాత వెర్షన్లు వారి వెబ్‌సైటులోనే దొరుకుతాయి. నిర్ణయించుకోవలసింది ఏ రెండర్ ఇంజిన్ వాడాలన్నదే. బ్లెండర్‌లోని ఇంజిన్లలో సైకిల్స్ కాంతి కిరణాల బాటను నిజంగా లెక్కిస్తుంది, కనుక అందంగానూ నిదానంగానూ పని చేస్తుంది. 2019లో 2.80 వెర్షన్‌తో వచ్చిన ఈవీ అనే ఇంజిన్ ఆ లెక్కల్లో చాలావాటిని ఉజ్జాయింపుగా తేల్చేసి, వీడియో గేముల పద్ధతిలో క్షణాల్లో బొమ్మను చూపిస్తుంది. ఈవీ అంటే చిన్నచూపు ఉన్నవారు చాలామందే ఉన్నారు గానీ, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా చిత్రం ‘ఫ్లో’ను బ్లెండర్‌లో తయారుచేసి, ఈవీతోనే రెండర్ చేశారు. దాని వెనుక ఒక బృందం ఉంది, అది ఒంటి చేత్తో అయిన పని కాదు. అయినా ఈ ఇంజిన్‌తో వెండితెర మీద నిలబడే బొమ్మ వస్తుందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

సైకిల్స్ తప్పనిసరి అనుకున్న షాట్లలో సమయాన్ని ఏది మింగుతోందో చూసుకోవాలి. నా చిత్రంలో రాత్రిపూట బల్ల దీపం వెలుగులో ఒక కుర్రవాడు చదువుకుంటూ ఉంటాడు, అతని పక్కన నీళ్లున్న గాజు జాడీ ఉంటుంది. పరీక్షగా ఒక ఫ్రేము రెండర్ చేసినప్పుడు గది మొత్తం త్వరగానే తేలిపోయి, ఆ జాడీ ఉన్న చిన్న మేర మాత్రం ఎంతకీ కుదుటపడకుండా తెల్లని చుక్కలతో మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. గాజులోంచీ నీటిలోంచీ వంగి బయటపడే కాంతిని లెక్కించడం ఏ యంత్రానికైనా భారమే. కథకు జాడీ గాజుదే కానక్కర్లేదు కాబట్టి దాన్ని మట్టి కూజాగా మార్చాను, ఫ్రేము నా గడువులోకి వచ్చింది. చూసినవారెవరూ కూజా ఎందుకని అడగలేదు.

శాంపిళ్లను, అంటే ఒక్కో పిక్సెల్‌కు లెక్కించే కాంతి కిరణాల సంఖ్యను, పెంచి అటువంటి చుక్కల మచ్చలను పోగొట్టుకోవచ్చని అనిపిస్తుంది గానీ, మచ్చలు సగానికి తగ్గాలంటే శాంపిళ్లను నాలుగింతలు చేయాలి, సమయమూ ఇంచుమించు నాలుగింతలవుతుంది. మచ్చలను తుడిచేసే డినాయిజర్ అనే సౌకర్యం ఆ పనిని చవగ్గా చేసిపెడుతుంది. అయితే మరీ తక్కువ శాంపిళ్ల మీద వాడితే, విడిగా చూసినప్పుడు నున్నగా కనిపించిన గోడ, ఫ్రేములు వరుసగా నడిచేటప్పుడు పాకుతున్నట్టు కదులుతుంది. కనుక దాన్ని ఒక్క ఫ్రేము మీద పరీక్షించి తృప్తి పడకుండా, కనీసం ఒక సెకను నిడివి మీద నడిపించి చూడండి.

అన్నింటికన్నా ఎక్కువ ఆదా కెమెరాను కదపకపోవడంలో ఉంది. కెమెరా నిలకడగా ఉంటే నేపథ్యాన్ని ఒకే ఒక్కసారి మంచి నాణ్యతతో రెండర్ చేసి, పాత్రను మాత్రం పారదర్శక నేపథ్యంతో విడిగా రెండర్ చేసి, రెండింటినీ కంపోజిటింగులో, అంటే బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చే దశలో, కలపవచ్చు. పాత్ర నీడ నేల మీద పడేందుకు షాడో క్యాచర్ అనే సౌకర్యం ఉంది, దాన్ని మరిచిపోతే మనిషి గాలిలో తేలుతున్నట్టు ఉంటాడు. అటువంటి షాట్లలో పాత్ర భంగిమను ప్రతి రెండు ఫ్రేములకు ఒకసారే మార్చితే, చేతితో గీసే యానిమేషన్‌లో ఏనాటి నుంచో ఉన్న పద్ధతిలో, సెకనుకు 12 బొమ్మలతోనే పని జరిగిపోతుంది. కెమెరా కదిలే షాట్లలో మాత్రం ఈ చిట్కా పనికిరాదు, బొమ్మ కుదుపులతో అదురుతుంది. వీటికి తోడు 1080పీ బదులు 720పీలో రెండర్ చేస్తే పిక్సెళ్లు రెండుంపావు రెట్లు తగ్గుతాయి.

నాలుగు జీబీల కార్డులో దృశ్యం పట్టడం లేదంటే దోషం సాధారణంగా టెక్స్చర్లదే, అంటే వస్తువుల పైభాగానికి అతికించే బొమ్మలదే. 4096 పిక్సెళ్ల చదరపు టెక్స్చర్ ఒక్కటే దాదాపు 64 ఎంబీ ఆక్రమిస్తుంది, 1024 పిక్సెళ్లదానికి నాలుగు ఎంబీ చాలు. దూరాన అలమరలో ఉన్న పుస్తకాలకు పెద్ద టెక్స్చర్లు పెట్టడం వృథా.

రెండర్ ఫలితాన్ని నేరుగా వీడియో ఫైలుగా కాకుండా పీఎన్‌జీ బొమ్మల వరుసగా దాచుకోండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చిన ఫ్రేములు భద్రంగా ఉంటాయి, ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు.

ఇవన్నీ చేసేముందు యానిమాటిక్ తయారు చేసుకోవడం తప్పనిసరి. షాటు షాటుకూ ముందే గీసుకున్న స్టోరీబోర్డు బొమ్మలను, అవి గీతలే అయినా సరే, తాత్కాలికంగా రికార్డు చేసిన మాటలతో కలిపి అసలు నిడివిలో పేర్చి చూస్తే, ఏ షాటు అనవసరమో అక్కడే బయటపడుతుంది. ఆరు సెకన్ల షాటును ఆ దశలో తీసేస్తే 144 ఫ్రేముల చాకిరీ తప్పినట్టే. నడక ఉన్న షాట్లను కూడా అక్కడే వడగట్టండి. పాదాలు నేల మీద జారకుండా నడిపించడం కొత్తవారికి చాలా కష్టమైన పని, నడుము పైనుంచి చూపిస్తే కథకు వచ్చే లోటేమీ ఉండదు.

శబ్దానికి ఫోను చాలు, ఫ్యాను ఆపి, తలమీదుగా దుప్పటి కప్పుకుని రికార్డు చేస్తే గది ప్రతిధ్వని చాలావరకు పోతుంది.

ఖర్చు పెట్టి తీరాలనుకుంటే ముందు ర్యామ్‌ను 16 జీబీకి పెంచుకోండి, ఫైళ్ల నకలు దాచడానికి మరో డిస్కు కొనండి. ఆ తర్వాత మీ కథలో అన్నింటికన్నా బరువైన షాటును ఎంచుకుని, దాని మొదటి, నడిమి, చివరి ఫ్రేములను 720పీలో రెండర్ చేసి గడియారం చూడండి. పైన చెప్పినవన్నీ ప్రయత్నించాక కూడా అవి నిమిషం దాటుతూ ఉండి, ఆ షాటును మార్చడానికి మీ మనసు ఒప్పుకోకపోతే, అప్పుడు కార్డు సంగతి ఆలోచించవచ్చు.