బ్యాండ్ మారినా పాట నాదేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. 2009లో ఇంజినీరింగ్ చదువుతుండగా ముగ్గురు సహాధ్యాయులతో కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నాం. పాటలు నేనే రాసేదాన్ని, పల్లవి బాణీ కూడా నేనే పాడి వినిపించేదాన్ని. గిటారిస్టు దానికి కార్డ్స్ (బాణీ కింద వాయించే స్వరాల కూర్పులు), ఇంటర్లూడ్లు (పల్లవి, చరణాల మధ్య వచ్చే వాద్యసంగీతం) కట్టేవాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. తరవాత హైదరాబాద్‌లో రెండో బ్యాండ్‌లో ఉండగా, నేను రాసి బాణీ కట్టిన ఆరు పాటలకు 2016లో ఒక మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాను. లక్షన్నర ఒకేసారి ఇచ్చి, సర్వహక్కులూ విశ్వమంతటా శాశ్వతంగా రాయించుకున్నారు, కానీ విడుదల చేసినవి మూడే. మూడో బ్యాండ్‌కు ఒక పాట పాడినందుకు పదిహేను వేలు ఇచ్చారు. ఆ పాట రెండేళ్ల కిందట ఒక వ్యాపార ప్రకటనలో వినిపించింది, నా పేరు ఎక్కడా లేదు. నాలుగో బ్యాండ్‌కు పేరు పెట్టింది నేనే. నేను బయటికి వచ్చాక కూడా వాళ్లు అదే పేరుతో కచేరీలు చేస్తున్నారు. ఇప్పుడు ఈ పాటలన్నీ కలిపి నా పేరుతో ఆల్బమ్ చేద్దామనుకుంటే, మొదటి బ్యాండ్ గిటారిస్టు ‘అవి బ్యాండ్ పాటలు, ముట్టుకుంటే స్ట్రైక్ వేస్తా’ అని, అంటే యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు చేసి పాట తీయిస్తానని, అంటున్నాడు. లాయర్ గారూ, వీటిలో నావి ఏవి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ గిటారిస్టు వాడిన ‘బ్యాండ్ పాట’ అనే మాట జామ్ రూమ్‌లో చెల్లుతుంది గాని, 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఎక్కడా కనబడదు. ఆ చట్టానికి తెలిసినవాళ్లు సాహిత్యం రాసిన రచయిత, బాణీ కట్టిన స్వరకర్త, రికార్డింగుకు పూనుకుని దాని బాధ్యత తీసుకున్న నిర్మాత, పాడిన లేదా వాయించిన ప్రదర్శకులు మాత్రమే. మనం ఒక్క పాట అనుకునేది ఆ లెక్కన నాలుగు వేర్వేరు హక్కుల మూట. సంగీత రచన అంటే సంగీతమే తప్ప దానితో పాడే మాటలు అందులోకి రావని సెక్షన్ 2(పి) విడమరిచి చెబుతుంది. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి తన బాణీలను అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా గారి తరఫు నుంచి నోటీసు వెళ్లినప్పుడు, ఏళ్ల తరబడి పాడినవారికి పాట మీద హక్కు ఉండదా అని మనవాళ్లు ఎంతోమంది విస్తుపోయారు. పాడినవారికి తమ గానం మీద హక్కు ఉంటుంది, బాణీ మీద ఉండదు, ఆ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. కాబట్టి మీరు పనిచేసిన ఒక్కో బ్యాండ్ దగ్గర ఆగి, ఆ రోజు ఆ గదిలో ఎవరు ఏం చేశారు, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అని విడివిడిగా అడగవలసిందే.

మొదటి బ్యాండ్ వ్యవహారమే అన్నిటికన్నా చిక్కైనది. మీరు అనుకుంటున్నట్టు కాగితం లేకపోవడం అందుకు కారణం కాదు, నిజానికి ఆ లోటు మీకు మేలే చేసింది. కాపీరైట్ బదలాయింపు హక్కుదారు సంతకంతో రాతపూర్వకంగా జరిగితేనే చెల్లుతుందని సెక్షన్ 19 అంటుంది, మీరు ఎవరికీ రాసివ్వలేదు. ఉద్యోగి చేసిన పనికి యజమాని మొదటి హక్కుదారు అవుతాడన్న సెక్షన్ 17 నిబంధన కూడా వర్తించదు, ఎందుకంటే ఆ నలుగురిలో ఎవరూ ఎవరి దగ్గరా జీతానికి లేరు. అందువల్ల సాహిత్యం పూర్తిగా మీది, మీ జీవితకాలమూ ఆపైన 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. యూట్యూబ్‌లో రచన, సంగీతం అన్నచోట బ్యాండ్ పేరు పడి ఉంటే, ఆ పేరును బట్టి కోర్టు మొదట ఒక ఊహకు రావచ్చు గాని, సాక్ష్యం చూపి దాన్ని తోసిపుచ్చే అవకాశం మీకు ఉంది.

బాణీ సంగతి అంత తేలిక కాదు. పల్లవి బాణీ మీదని రాశారు, చరణాల గురించి మౌనం వహించారు. ఎదుటి పక్షం లాయరు మొదట పట్టుకునేది అదే. ఒకరి పనిని మరొకరి పని నుంచి విడదీయలేనంతగా కలిసి చేసినప్పుడు మాత్రమే అది ఉమ్మడి కర్తృత్వం అవుతుందని సెక్షన్ 2(జడ్) నిర్వచించింది. మీరు పల్లవి, చరణాలు రెండూ పూర్తి రాగంతో పాడి తెచ్చి, అతను వాటి కింద కార్డ్స్ మాత్రమే పరిచి ఉంటే, సహ స్వరకర్తనన్న వాదన బలహీనమని నా అభిప్రాయం. ఇంటర్లూడ్ మాత్రం అతనిదే కావచ్చు, దాన్ని మీ ఆల్బమ్‌లో వాడకుండా కొత్తది కట్టించుకోండి. అలాకాక, అతను గిటారు మీద ఒక వరస వాయిస్తుంటే దాని మీద మీరు చరణం అల్లుకుని ఉంటే, ఆ బాణీకి మీరిద్దరూ ఉమ్మడి హక్కుదారులు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు రెండోవారి సమ్మతి లేకుండా ఇతరులకు లైసెన్సు ఇవ్వజాలరని 2008లో బొంబాయి హైకోర్టు ఒక కేసులో తేల్చింది. మీరు ఆల్బమ్‌ను స్ట్రీమింగ్ కంపెనీలకు ఇవ్వడమంటే లైసెన్సు ఇవ్వడమే కనుక, ఆ పాటలకు అతని సంతకం అవసరమవుతుంది. అదే నియమం అతన్నీ కట్టేస్తుంది, మీ సంతకం లేకుండా అతనూ ఆ బాణీని ఎవరికీ ఇవ్వలేడు. రాయల్టీలో ఇంత వాటా అని ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకం చేయడమే ఈ చిక్కుకు చవకైన దారి. అతను ససేమిరా అంటే, మీ మాటలకు కొత్త బాణీ కట్టుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కవర్ వెర్షన్లకు, అంటే ఇదివరకే రికార్డయిన పాటను మళ్లీ కొత్తగా రికార్డు చేయడానికి, సెక్షన్ 31-సి ఇచ్చే లైసెన్సు ఒకటి ఉంది గాని, మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగడం, ముందుగా నోటీసు ఇవ్వడం, కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టడం వంటి షరతుల వల్ల అది మీవంటివారి చేతికి అందేది కాదు.

పాత రికార్డింగును మాత్రం యథాతథంగా వాడవద్దు. దాని హక్కు స్టూడియో ఖర్చు భరించి, రికార్డింగుకు పూనుకున్నవారిది. నలుగురూ చందాలు వేసుకుని ఉంటే నలుగురిదీ. కానీ ఆ హక్కు ఆ ఒక్క రికార్డింగునే కాపాడుతుంది, అదే పాటను కొత్తగా పాడి, కొత్తగా వాయించి రికార్డు చేసుకుంటే ఆ హక్కుకు భంగం రాదు. ఇక స్ట్రైక్ బెదిరింపు విషయానికి వస్తే, హక్కుదారు నుంచి రాతపూర్వక ఫిర్యాదు అందినప్పుడు యూట్యూబ్ వంటి ఆన్‌లైన్ వేదిక నడిపేవారు 21 రోజుల పాటు ఆ పాటను ఆపాలని, ఆలోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి అందుబాటులో ఉంచవచ్చని సెక్షన్ 52(1)(సి) చెబుతుంది. ఆధారం లేని బెదిరింపులు సాగిస్తే, అవి ఆపమని సెక్షన్ 60 కింద మీరే దావా వేయవచ్చు. పదిహేనేళ్ల నాటి స్నేహితుడి మీద దావా దాకా వెళ్లే ముందు ఒక పూట కూర్చుని మాట్లాడుకోవడం మంచిదని, ఫీజు పోగొట్టుకునే సలహానే అయినా, ఇస్తున్నాను.

రెండో బ్యాండ్ నాటి ఒప్పందం చూసి మీరు ఆశ వదులుకున్నట్టున్నారు, అంత అవసరం లేదు. సినిమా పాటల విషయంలో నిర్మాతే మొదటి హక్కుదారు కాగలడని 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరవాత రచయితలు, స్వరకర్తలు ఏళ్ల తరబడి ఒకేసారి ఇచ్చే సొమ్ముతో సరిపెట్టుకున్నారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే పార్లమెంటు 2012లో చట్టాన్ని సవరించింది. ఆ సవరణ సినిమా పాటలకే పరిమితం కాదు. సినిమాలో భాగం కాని సౌండ్ రికార్డింగులోని సాహిత్యానికీ సంగీతానికీ రచయిత, స్వరకర్త కాపీరైట్ రాసిచ్చినా, ఆ రచన వినియోగం మీద వచ్చే రాయల్టీలో బదలాయింపు పొందినవారితో సమాన వాటా పుచ్చుకునే హక్కును మాత్రం వదులుకోజాలరని, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వజాలరని, అలా రాసిన షరతు చెల్లదని సెక్షన్ 18 కరాఖండిగా చెబుతుంది. మీ ఒప్పందం 2016 నాటిది కనుక ఈ రక్షణ మీకు వర్తిస్తుంది. లక్షన్నర ఇచ్చేశాం గనుక లెక్క సరి అని కంపెనీ అంటే, విడుదలైన మూడు పాటల రాబడి లెక్కలు చూపమని రాతపూర్వకంగా అడగండి. అయితే ఆ మూడింటి కాపీరైట్ ఇప్పటికి కంపెనీదే. వాటిని మీ ఆల్బమ్ కోసం మళ్లీ రికార్డు చేయాలన్నా కంపెనీ లైసెన్సు కావాలి, ఇది చేదు మాటే అయినా దాచి లాభం లేదు. 2022లో ‘కాంతార’ చిత్రంలోని పాట తమ ‘నవరసం’ను పోలి ఉందని కేరళ బ్యాండ్ థైక్కుడం బ్రిడ్జ్ ఆక్షేపించినప్పుడు, కాపీరైట్ మాతృభూమి సంస్థ చేతిలో ఉన్నందున ఆ సంస్థ కూడా కోర్టుకు వెళ్లింది. పాట కట్టినవారు ఒకరు, హక్కుదారు మరొకరు కావడం ఎంత మామూలో చెప్పడానికే దాన్ని ప్రస్తావించాను.

విడుదల కాని మూడు పాటల పరిస్థితి వేరు. బదలాయింపు పొందిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో మరో విధంగా రాసి ఉంటే తప్ప, ఆ మేరకు బదలాయింపు దానంతటదే రద్దయినట్టు భావించాలని సెక్షన్ 19(4) అంటుంది. కంపెనీ లాయర్లకు ఈ నిబంధన బాగా తెలుసు కనుక, ‘సెక్షన్ 19(4) వర్తించదు’ అన్న ఒక్క వాక్యాన్ని ఒప్పందం చివరి పేజీల్లో ఇరికించడం పరిపాటి. ఆ వాక్యం లేదంటే మూడు పాటలూ 2017లోనే మీ దగ్గరికి తిరిగి వచ్చినట్టు. ఉంటే, విడుదల చేయండి లేదా తిరిగి రాసివ్వండి అని బేరమాడడం మినహా దారి లేదు. ఒప్పందం నకలు మీ దగ్గర లేకపోతే ముందుగా అది తెప్పించుకోండి.

మూడో బ్యాండ్ దగ్గర మీరు రచయిత్రీ కాదు, స్వరకర్తా కాదు, ప్రదర్శకురాలు మాత్రమే. అయినా అది చిన్న హక్కేమీ కాదు. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 38-ఎ ప్రదర్శకులకు తమ ప్రదర్శన రికార్డింగు మీద, ఆ రికార్డింగు వినియోగం మీద ప్రత్యేక హక్కు ఇచ్చింది, అది 50 ఏళ్లు ఉంటుంది. స్టూడియోలో పాడింది ప్రదర్శన కిందికి రాదని ఎవరైనా అంటే, ప్రేక్షకులు ఎదుట ఉన్నా లేకున్నా గాయని పాడిన క్షణం ప్రదర్శనే అవుతుందన్న నేహా భసీన్ కేసును చూపండి, అది 2006లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన మాట. మీరు పదిహేను వేలు పుచ్చుకుని పాడారు కనుక, బ్యాండ్ ఆ పాటను విడుదల చేసుకోవడానికి మీ సమ్మతి ఉన్నట్టే కోర్టు తీసుకుంటుంది. వ్యాపార ప్రకటనకు అమ్ముకోవడానికి కూడా ఆ సమ్మతి చాలుతుందా అన్నదే అసలు తగాదా, సంతకం చేసిన కాగితం ఏదీ లేనప్పుడు చాలదన్న వాదనకే బలం ఎక్కువ. పేరు వేయకపోవడం దీనితో ముడిపడని మరో తప్పు. ప్రదర్శనను వాడుకున్న తీరు వల్ల పేరు చెప్పే వీలు లేకపోతే తప్ప, ప్రదర్శకురాలిగా గుర్తింపు కోరే హక్కు సెక్షన్ 38-బి కింద మీకు ఉంది. ముప్పయి సెకన్ల ప్రకటనలో గాయని పేరు వేసే వీలు ఎక్కడిదని వాళ్లు వాదిస్తారు గనుక, సొమ్ము మీదే దృష్టి పెట్టండి.

నాలుగో బ్యాండ్ పేరు విషయంలో మీకు అంత అనుకూలమైన జవాబు లేదు. రెండు మూడు మాటల పేరుకు కాపీరైట్ ఉండదు, ఉండేది ట్రేడ్‌మార్క్. పేరు ఎవరికి తట్టిందన్నది కాక, ఆ పేరు విన్నప్పుడు శ్రోతలకు ఎవరు గుర్తుకొస్తారన్నదే అందులో చూస్తారు. రాబడి పంచుకుంటూ కలిసి కచేరీలు చేశారు కనుక, రాతకోతలు లేకున్నా 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద అది భాగస్వామ్యం కాగలదు, పేరుకున్న మంచిపేరు ఆ సంస్థ ఆస్తి అవుతుంది. భాగస్వామ్యం రద్దయి ఉంటే, లెక్కలు తేలేదాకా ఆ పేరు వాడవద్దని సెక్షన్ 53 కింద ఆపవచ్చు. మీరు ఒక్కరే వైదొలిగి మిగతావారు కొనసాగుతుంటే ఆ అస్త్రం మీకు అందదు. మీ వాటా లెక్క కట్టి ఇమ్మని అడగడం, కచేరీ పోస్టర్ మీద ఫలానా బ్యాండ్ పూర్వ గాయని అని నిజం రాసుకోవడం మీకు మిగిలిన దారులు. వాళ్లు ఆ పేరును వినోద సేవలకు చెందిన 41వ తరగతిలో నమోదు చేయించుకోవడానికి దరఖాస్తు పెట్టారేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో చూడండి. ఆ దరఖాస్తును ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా అభ్యంతరం తెలపవచ్చు.

వీటన్నిటికీ కావలసింది సాక్ష్యం. 2009 నాటి నోటుబుక్కులు, ఫోన్‌లో పాడి దాచుకున్న వాయిస్ రికార్డింగులు, అప్పటి ఈమెయిళ్లు, స్టూడియో రసీదులు వెతికి తీయండి. పాత ఫోన్ చెడిపోయిందని పారేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది, అసలు పరికరం చేతిలో ఉంటే ఆ పని సులువవుతుంది. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాకపోయినా, చేయించుకుంటే రిజిస్టరులోని వివరాలు ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తాయి కనుక, వివాదం లేని పాటలకైనా చేయించండి. రచయితలు, స్వరకర్తల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం లేకపోతే తీసుకోండి, కచేరీల మీదా ప్రసారాల మీదా వచ్చే రాయల్టీని మీరు ఇంటింటికీ తిరిగి వసూలు చేసుకోలేరు.

వీటిలో తొందర ఉన్నది వ్యాపార ప్రకటన విషయంలోనే. హక్కు ఉల్లంఘనకు పరిహారం కోరడానికి గడువు మూడేళ్లు, అందులో రెండేళ్లు గడిచిపోయాయి. దావా మీరు నివసించే హైదరాబాద్‌లోనే వేయవచ్చు. కోరే మొత్తం 3 లక్షలకు తగ్గకపోతే అది వాణిజ్య వివాదాల కోర్టుకు వెళుతుంది, తక్షణ నిషేధపు ఉత్తర్వు అడగనప్పుడు దావాకు ముందు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వం జరగాలి. ఆ మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని మూడేళ్ల గడువులో కలపరు. ప్రకటన మొదట ఏ తేదీన వచ్చిందో చూపే స్క్రీన్‌షాటు, పదిహేను వేలు మీ ఖాతాలో పడిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని ఈ నెలలోనే ఒక న్యాయవాదిని కలవండి.