సగటున ఒక్క డిగ్రీ పెరిగితే మన వానలు ఇంతగా మారతాయా?

మీరు అడిగింది ఇది: భూమి సగటు ఉష్ణోగ్రత పెరిగింది ఒక డిగ్రీ చిల్లర, మన దేశంలో అయితే 1901 నుంచి 2018 దాకా చూసినా 0.7 డిగ్రీలే. పొద్దునకీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా చూసే మనకు ఇదొక లెక్కా, దీనికే వానలు గతి తప్పుతాయా? నేను హన్మకొండ దగ్గర బడిలో ఫిజిక్స్ చెబుతాను. ఊళ్లో నాన్నా నేనూ కలిసి పత్తి, వరి వేస్తాం. క్లాసులోనూ చేలోనూ ఈ ప్రశ్నే నన్ను పట్టుకుని ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గతి తప్పుతాయి. అందుకు వాన మొత్తం పెద్దగా మారనక్కర్లేదు, పడే తీరు మారితే చాలు.

మా వైపు 2023 వానాకాలం చూడండి. జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాని వాన అది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం ఇళ్ల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మా పత్తిలో నీళ్లు నిలిచి మొక్కలు ఎర్రబారి వడలిపోయాయి. దాని వెంటే ఆగస్టు. దేశం మొత్తం మీద మామూలు కన్నా 36 శాతం తక్కువ వాన, 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. మునిగిన చేనికే మోటారు పెట్టి తడి ఇచ్చాం. సీజన్ చివర లెక్క తీస్తే మాత్రం రాష్ట్రానికి లోటు లేదు, మామూలు కన్నా ఎక్కువే పడింది! పేపర్లో ఆ మాట చదివి నాన్నకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. సగటు అనే అంకె రైతు కష్టాన్ని ఎంత సులువుగా దాచేస్తుందో అప్పుడు బాగా అర్థమైంది.

ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఈ సంగతి చాలామందికి తెలుసు. అసలు ముడి ఆ తర్వాత ఉంది. ప్రపంచం మొత్తం మీద వాన 7 శాతం పెరగదు, డిగ్రీకి 2, 3 శాతం మాత్రమే పెరుగుతుంది. ఎందుకంటే ఆవిరి నీటి చుక్కగా మారేటప్పుడు తనలోని వేడిని గాలికి వదులుతుంది. ఆ వేడిని వాతావరణం ఎంత మేరకు వదిలించుకోగలిగితే అంత మేరకే వాన పెరగగలదు. ఆవిరి 7 పాళ్లు పెరిగి, వాన 2, 3 పాళ్లే పెరగాలంటే, ఆ ఆవిరిని పైకి మోసే గాలి చక్రం నెమ్మదించక తప్పదు. బిందె పెద్దదైంది, నిండటానికి ఎక్కువ సేపు పడుతోంది, వంగినప్పుడు మాత్రం కుమ్మరిస్తోంది. రోజుల తరబడి పట్టే ముసుర్లు తగ్గడం, మధ్యలో బెట్ట పెరగడం, ఒక్క రాత్రిలో చెరువులు తెగడం, ఈ మూడూ కలిసి రావడంలో వింత లేదు.

మన రుతుపవనాలకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండాకాలంలో నేల సముద్రం కన్నా బాగా వేడెక్కుతుంది కాబట్టే సోమాలియా తీరం పక్కగా అరేబియా సముద్రం దాటి గాలులు మన మీదికి వస్తాయి. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం ఒక డిగ్రీ వేడెక్కింది. మన నేల అంతగా వేడెక్కలేదు, దానికి ఎండను అడ్డుకునే పొగ, ధూళి కూడా కొంత కారణం. తేడా తగ్గితే గాలిని లాగే బలమూ తగ్గుతుంది. పైగా వేడి సముద్రం మీదే గాలి పైకి లేచి వాన కురిపించేస్తే, ఆ గాలి వచ్చి మన మీద కిందికి దిగుతుంది. దిగే గాలిలో మబ్బు నిలవదు. అదే కాలంలో దేశంలో వానాకాలపు వర్షం సుమారు 6 శాతం తగ్గింది, ముఖ్యంగా గంగా మైదానంలో, పడమటి కనుమల్లో. మధ్య భారతంలో మాత్రం రోజుకు 150 మి.మీ. దాటే వానలు దాదాపు 75 శాతం పెరిగాయి. 1981 నుంచి 2011 వరకు వచ్చిన బెట్టలు అంతకుముందు ముప్పై ఏళ్ల కన్నా 27 శాతం ఎక్కువ. కేంద్ర భూ విజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదికలో ఈ అంకెలన్నీ ఉన్నాయి. నాకు అవి అంకెల్లా కనిపించవు, మా చేను కనిపిస్తుంది.

అల్పపీడనాల దారులు కూడా జరుగుతుంటాయి. 2022లో అవి మామూలు దారికి దక్షిణంగా వెళ్లి పాకిస్తాన్‌లోని సింధ్ దాకా చేరాయి. ఎడారికి దగ్గరగా ఉండే ఆ నేల మీద ఆగస్టులో మామూలుకు కొన్ని రెట్లు కురిసి ఊళ్లకు ఊళ్లే మునిగాయి. ఇక ఉష్ణమండలం అంచులు మెల్లగా ధ్రువాల వైపు జరగడం, మధ్యధరా ప్రాంతం ఎండిపోవడం మనకు దూరపు కథలైనా మూలం ఈ వేడే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి వరదనీ, ప్రతి బెట్టనీ వేడి ఖాతాలోనే వేయకూడదు. 2023 ఆగస్టులో ఎల్ నినో కూడా ఉంది, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కి తరచూ మన వానల్ని తగ్గించే స్థితి. ఎల్ నినోలు మా తాతల కాలంలోనూ వచ్చాయి. మారింది అవి వచ్చి పడే గాలీ, సముద్రమూ.

మీరు సేద్యం చేసేవాళ్లయితే మేం మార్చుకున్నవి చెబుతాను. మృగశిర చినుకులు పడగానే పత్తి గింజ పెట్టే అలవాటు మానేశాం. కనీసం 60 మి.మీ. పడి నేల లోపలి దాకా పదునైతేనే పెడుతున్నాం, లేకపోతే వెంటనే బెట్ట వచ్చి రెండోసారి గింజలు కొనాల్సి వస్తోంది. వాలు చూసి సాళ్ల మధ్య కాలువలు తీశాం, పల్లంలో చిన్న కుంట తవ్వించాం. కుమ్మరించిన నీళ్లు అందులోకి పోతాయి, బెట్టలో అవే ఒక తడికి పనికొస్తాయి. కుంటకు పోయిన జాగా గురించి మొదట ఇంట్లో గొడవ అయింది, ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. మీది నల్లరేగడా, ఎర్ర చెలకా చెప్పండి. చెలకలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి కాబట్టి కుంట అడుగున ఏదైనా పరవకపోతే నిలవవు.