తెరచాప పడవకు స్పీకర్లు కొనే ముందు దిక్సూచి ఎక్కడుందో చూడండి

ముప్ఫై అడుగుల పాత తెరచాప పడవ కొన్నానని, అందులోని స్టీరియో బొంగురుపోయిందని రాశారు. కాక్‌పిట్‌లో, అంటే పడవ నడుపుతూ కూర్చునే ఆరుబయటి చోట, కూర్చుంటే పాట గాలిని మించి వినిపించాలి, అందుకు ఎన్ని వాట్ల స్పీకర్లు, ఎలాంటి ఆంప్లిఫయరు తీసుకోవాలి అన్నది మీ ప్రశ్న. వాట్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు నాకు ఒకటి చెప్పాలి. మీ పడవలో దిక్సూచి ఎక్కడుంది? మీరు స్పీకరు బిగించాలనుకున్న చోటికీ దానికీ మధ్య ఎంత దూరం ఉంది?

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అందుకే ఒక రాత్రి మా అన్నయ్యా నేనూ నేరుగా రాళ్ళ వైపు వెళ్ళాం.

మాది ఇద్దరం కలిసి కొనుక్కున్న 29 అడుగుల పడవ. అందులో కేబిన్‌లోకి దిగే మెట్లకు రెండు పక్కలా, కాక్‌పిట్ వైపున్న గోడలో, నాలుగు అంగుళాల స్పీకర్లు రెండు ఉండేవి. కాగితపు కోనులు ఉప్పుగాలికి నాని ముద్దయిపోయాయి. వాటి అంచునున్న స్పాంజి ముట్టుకుంటే పొడిగా రాలేది. వాటిని తీసి ఆరున్నర అంగుళాలవి పెట్టాను. పాలీప్రొపిలీన్ కోను, రబ్బరు అంచు, వెనక పిడికిలంత అయస్కాంతం. రంధ్రాలు పెద్దవి చేయడానికి రోజంతా పట్టింది. ఆ గోడలోనే, కుడి స్పీకరుకు 35 సెంటీమీటర్ల దూరంలో, మా దిక్సూచి ఉంది. అయస్కాంతం పక్కన దిక్సూచి ఉండకూడదని నాకు తెలియక కాదు. బిగించాక చూశాను కూడా. రేవులో కట్టేసి ఉన్న పడవ అంతకుముందు ఏ అంకె చూపేదో అప్పుడూ అదే చూపింది. ఇంకేం, సరిపోయిందనుకున్నాను.

పది రోజుల తర్వాత రాత్రి ప్రయాణం. మబ్బు కమ్మేసింది, ఒక్క చుక్క కూడా లేదు. గాలి పక్క నుంచి నిలకడగా వీస్తోంది, వేగం 5 నాట్లు, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ళు. చుక్కాని దగ్గర అన్నయ్య, కింద పటం బల్ల దగ్గర నేను. మా పడవలో జీపీఎస్ తెర కిందే ఉంటుంది. దాని వెలుగు కళ్ళలో పడితే చీకటిలో చూపు పోతుంది కాబట్టి పైన దిక్సూచిని బట్టే నడుపుతాం. గంటకోసారి నేను స్థానం గుర్తు పెడతాను. మొదటి గంట గుర్తు మేం గీసుకున్న గీతకు కుడివైపు ఒక నాటికల్ మైలు అవతల పడింది.

"అన్నయ్యా, ఎంత మీద పట్టావు?" అని అడిగాను.

"125 మీదే. రెండు డిగ్రీలు కూడా కదలనివ్వలేదు" అన్నాడు.

అన్నయ్య చుక్కాని పడితే అలాగే ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు. ప్రవాహం తోస్తోందనుకుని ఊరుకున్నాను. రెండో గంట గుర్తు గీతకు రెండు మైళ్ళ అవతల పడింది. అప్పుడే పైనుంచి అన్నయ్య పిలిచాడు. మాకు కుడిపక్కన మూడు మైళ్ళ దూరంలో ఉండిపోవాల్సిన దీపస్తంభం సరిగ్గా ముక్కుకు ఎదురుగా వెలుగుతోంది. ఆ దీపం కింద ఉన్నవన్నీ రాళ్ళే.

చేతి దిక్సూచి తీసుకుని పడవ వెనక చివరికి వెళ్ళి, ముందు భాగం వైపు గురిపెట్టాను. 137. గోడలోని దిక్సూచి మాత్రం ప్రశాంతంగా 125 చూపుతోంది. పన్నెండు డిగ్రీల అబద్ధం. ముందు పడవను ఎడమకు తిప్పి, దీపం నుంచి దూరం జరిగాం. ఆ తర్వాత టార్చి నోట కరచుకుని కుడి స్పీకరు మరలు అక్కడికక్కడే విప్పాను. స్పీకరు రంధ్రంలోంచి బయటకు వస్తుంటే దిక్సూచిలోని అంకెల చక్రం దానంతటదే మెల్లగా తిరిగింది. పడవ తిరగలేదు, అంకెలు తిరిగాయి. అన్నయ్య ఏమీ అనలేదు. నా చేతిలోంచి స్పీకరు తీసుకుని పడక కిందికి తోసేశాడు. తెల్లవారేదాకా మేం పాటలు పెట్టలేదు.

మరి రేవులో ఎందుకు తేడా రాలేదు? ఇది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. స్పీకరు అయస్కాంతం పడవతో పాటు తిరుగుతుంది, భూమి అయస్కాంత క్షేత్రం తిరగదు. రెండూ ఒకే గీతలో ఉన్నప్పుడు దిక్సూచి మీద పక్కకు లాగే బలం ఉండదు, తప్పు కనిపించదు. పడవ అక్కడి నుంచి తొంభై డిగ్రీలు తిరిగితే తప్పు బాగా బయటపడుతుంది. మా పడవ రేవులో కట్టే దిశ, కర్మం కొద్దీ, తప్పు కనిపించని దిశ. కాబట్టి "నేను చూశాను, ఏమీ తేడా లేదు" అని ఎవరైనా చెబితే, ఎన్ని దిక్కుల్లో చూశారని అడగండి. ఎనిమిది దిక్కుల్లోనూ చూడకపోతే చూడనట్టే.

ఊరట కలిగించే విషయం కూడా ఉంది. అయస్కాంతం ప్రభావం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపయితే ప్రభావం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. 35 సెంటీమీటర్ల దగ్గర మమ్మల్ని పన్నెండు డిగ్రీలు తప్పించిన స్పీకరు మీటరు దూరంలో ఉండి ఉంటే సుమారు అర డిగ్రీ మాత్రమే తప్పించేది. ఇప్పుడు మా స్పీకర్లు కాక్‌పిట్ వెనక భాగంలో, బల్లల కింద ఉన్నాయి. మీ పడవలో ఆటోపైలట్, అంటే చుక్కానిని దానంతటదే తిప్పే యంత్రం, ఉంటే దానికీ వేరే దిక్సూచి ఉంటుంది. అది చాలా పడవల్లో పడక కిందో, సామాను అరలోనో, కంటికి కనబడకుండా ఉంటుంది. సబ్‌వూఫరు (లోతైన, గంభీరమైన శబ్దాల కోసం వాడే పెద్ద స్పీకరు) పెట్టడానికి అందరికీ తోచే చోటు కూడా అదే అర. దాన్ని వెతికి పట్టుకునేదాకా సబ్‌వూఫరు మాట ఎత్తకండి. నన్నడిగితే ఆ తర్వాత కూడా ఎత్తకండి. నీటి మీద తెరచాపతో వెళ్తూ గుండెలదిరే శబ్దం కోరుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసే వాట్లు క్షణకాలం తట్టుకునే గరిష్ట సంఖ్య. దాన్ని నమ్మి కొనకండి, నిలకడగా ఇచ్చే వాట్లు ఎన్నో చూడండి. ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్లే, చెవికి కొంచెం తేడా అనిపిస్తుందంతే. అదే స్పీకరును మీకు సగం దూరానికి తెస్తే ఆరుబయట 6 డెసిబెల్లు పెరుగుతుంది, అదీ ఒక్క వాటు అదనంగా ఖర్చు కాకుండా. గాలిని గెలవాలంటే పెద్ద స్పీకర్లు రెండు దూరంగా పెట్టడం కంటే చిన్నవి నాలుగు మనుషులు కూర్చునే చోట, చెవి వైపు తిప్పి పెట్టడం మేలు. ఆంప్లిఫయరు డి తరగతిదే తీసుకోండి. అది తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని శబ్దంగా మార్చే పనికే వాడుతుంది. పాత ఏబీ తరగతివి దాదాపు సగం వేడిగా పారేస్తాయి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి మీ చేతిలో ఉన్నది 50 మాత్రమే. స్టీరియో 4 ఆంపియర్లు తాగుతూ ఆరు గంటలు మోగితే 24 అయిపోయాయి. లంగరు దీపం, రేడియో, ఫ్రిజ్ అన్నీ మిగిలిన 26 మీదే బతకాలి.

నేను ఎక్కిన పడవల్లో స్టీరియో చెడిపోయిందని తీసి పారేసినవి చాలావరకు చెడిపోలేదు. చెడిపోయింది తీగ. కార్లకు వాడే మామూలు రాగి తీగను పడవలో వేస్తే ఉప్పు తేమ పై తొడుగు లోపలికి పాకి, రాగి నల్లబడుతుంది, పచ్చబడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి స్పీకరు పెట్టినా బొంగురు గొంతే. మీ బొంగురుకు కూడా కారణం అదే అయి ఉంటుందని నా నమ్మకం. తగరం పూసిన రాగి తీగ వేయండి, లావుగా వేయండి. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయరు 6 మీటర్ల దూరంలో ఉందనుకుందాం, పోనూ రానూ 12 మీటర్ల తీగ. 10 ఆంపియర్లు పారితే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాదాపు 0.9 వోల్టు పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోయేది 0.4 కంటే తక్కువ. ఉన్నదే పన్నెండు వోల్టులు, అందులో ఒక వోల్టును దారిలో పారబోసుకుని ఆంప్లిఫయరును తిట్టడం న్యాయం కాదు.

తీగల రంగుల విషయంలో ఒక ప్రమాదం ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. కారు స్టీరియోల నుంచి వచ్చిన అలవాటు ప్రకారం స్టీరియో వెనక పసుపు తీగ అంటే ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన పాజిటివ్. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం కట్టిన పడవల్లో పసుపు తీగ నెగటివ్ కావచ్చు. పసుపును పసుపుతో కలిపితే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు. రంగును నమ్మకండి, మీటరు పెట్టి చూడండి. ఫ్యూజు స్టీరియో వెనక ఒకటి ఉంది కదా అని ఊరుకోకండి. అది స్టీరియోను కాపాడుతుంది, తీగను కాదు. తీగను కాపాడే ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలన్నది ఆ కౌన్సిల్ సాధారణ నియమం. పడవ తగలబడితే దిగి పక్కన నిలబడడానికి రోడ్డు లేదు. ఇక స్టీరియో పసుపు తీగ గుండా, స్టీరియో ఆపేసి ఉన్నా, దాని సెట్టింగుల జ్ఞాపకం కోసం కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లు పోయినా నెలకు 14 ఆంపియర్ అవర్లు ఖాళీ. పడవను నెలల తరబడి వదిలి వెళ్ళేవారైతే దానికి ఒక స్విచ్చి పెట్టండి.

గోడలో కొత్త రంధ్రం కోసేటప్పుడు లోపల బాల్సా చెక్క (గోడ మధ్యలో నింపే తేలికపాటి చెక్క) కనిపిస్తే ఆ అంచుకు ఎపాక్సీ జిగురు పట్టించి తడి చొరకుండా చేయకుండా స్పీకరు బిగించకండి. నాని కుళ్ళడం మొదలైతే దాని మరమ్మతు ఖర్చు ముందు స్టీరియో ఖర్చు లెక్కలోకే రాదు.

రేడియో గురించి చెప్పకుండా ఉండలేను. డి తరగతి ఆంప్లిఫయర్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు గాలిలోకి విద్యుత్ రొదను వదలగలవు. ఎల్‌ఈడీ దీపాలు వీహెచ్‌ఎఫ్ రేడియోను (పడవలు మాట్లాడుకునే రేడియో), ఏఐఎస్‌ను (చుట్టూ ఉన్న ఓడల స్థానాలు తెలిపే పరికరం) దెబ్బతీస్తున్నాయని అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో హెచ్చరిక జారీ చేసింది. అదే హెచ్చరికలోని పరీక్షను మీ ఆంప్లిఫయరుకూ చేయవచ్చు. వీహెచ్‌ఎఫ్‌ను ఎవరూ మాట్లాడని చానెల్‌లో పెట్టి, స్క్వెల్చ్‌ను, అంటే ఉత్త రొదను ఆపే మీటను, రొద అప్పుడే ఆగే చోట నిలపండి. ఇప్పుడు ఆంప్లిఫయరు ఆన్ చేయండి. రొద మళ్ళీ మొదలైతే 16వ చానెల్‌లో సాయం కోసం పిలిచే మనిషి గొంతు మీకు చేరకపోవచ్చు. తీగలకు ఫెరైట్ పూసలు (విద్యుత్ రొదను అణచే చిన్న గొట్టాలు) తొడగండి, ఆంప్లిఫయరును యాంటెనా తీగకు దూరంగా జరపండి. అయినా తగ్గకపోతే ఆ ఆంప్లిఫయరు వద్దు.

కాక్‌పిట్‌కూ కేబిన్‌కూ శబ్దం విడివిడిగా తగ్గించుకునే స్టీరియోనే తీసుకోండి. పైన ఒకరు మేలుకుని నడుపుతుంటే కింద ఒకరు నిద్రపోవాలి. లంగరు వేసిన చోట రాత్రిపూట మరీ జాగ్రత్త. చల్లబడ్డ నీటి మీద గాలి కింద చల్లగా, పైన వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా మళ్ళీ నీటి వైపే వంగుతుంది. మీ కాక్‌పిట్‌లో మంద్రంగా ఉన్నదనుకున్న పాట అర మైలు అవతలి పడవలో పదాలతో సహా వినిపిస్తుంది. పక్క పడవ పాటలతో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపామో అన్నయ్యకూ నాకూ తెలుసు. అవతలి వాళ్ళకు లంగరు గొలుసు జారుతున్న చప్పుడు వినే హక్కు ఉంది. మీకూ ఆ చప్పుడు వినిపించాలి.

రంధ్రాలు ఇంకా కోయలేదని రాశారు కాబట్టి ఈ పని చేయండి. కొత్త స్పీకర్లను మీరు అనుకున్న చోట గట్టి టేపుతో అంటించండి. గాలి లేని రోజు ఇంజను మీద బయటకు వెళ్ళి పడవను నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఒకరు చేతి దిక్సూచితో వెనక నిలబడి, ఎనిమిది దిక్కుల్లోనూ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోవాలి. తర్వాత స్పీకర్లు పీకి కాక్‌పిట్‌కు దూరంగా పెట్టి, మళ్ళీ ఒక చుట్టు తిరగండి. ఫోను, చిన్న బ్లూటూత్ స్పీకరు జేబులో కూడా ఉండకూడదు, వాటిలోనూ అయస్కాంతాలు ఉంటాయి. రెండు చుట్ల అంకెలూ ఇక్కడ పెట్టండి, రంపం ఎక్కడ పెట్టాలో అప్పుడు చెబుతాను.