కీమో తర్వాత అమ్మకు తెల్లకణాలు తగ్గాయా? జబ్బు ముదిరినట్టు కాదు

తమ్మీ, కీమో అయిన పదో రోజు అమ్మకు తెల్లకణాలు 1,800కి పడిపోయాయని, క్యాన్సర్ ముదిరిందేమోనని టెన్షన్ పడుతూ రాశావు. ఆ సమయంలో అలా పడిపోవడం చాలావరకు మందు ప్రభావమే. వేగంగా విభజన చెందే కణాలను కీమో దెబ్బతీస్తుంది. రక్తం తయారయ్యే ఎముక మజ్జ కణాలూ అలాంటివే. ఎర్రకణం దాదాపు 120 రోజులు, ప్లేట్‌లెట్ 8-10 రోజులు బతుకుతాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణమైన న్యూట్రోఫిల్ ఆయుష్షు చాలా తక్కువ, అందుకే ముందు అవి తగ్గుతాయి. సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య బాగా కిందికి పోయి, మూడు నాలుగు వారాల్లో కోలుకుంటాయి.

రిపోర్టులో ఏఎన్‌సీ, అంటే న్యూట్రోఫిల్స్ సంఖ్య, చూడు. 500 కంటే తక్కువుంటే ఇన్ఫెక్షన్ ముప్పు చాలా ఎక్కువ.

మా పెద్దమ్మకు కీమో నడిచినన్నాళ్లూ దిండు పక్కనే థర్మామీటరు ఉండేది. ఒక రాత్రి 100.6 చూపింది. తెల్లారి హైదరాబాద్ బస్సెక్కుదామన్నారు ఇంట్లో. నేను ఆగలేదు. అప్పటికప్పుడు నల్లగొండలోనే ఆసుపత్రికి తీసుకెళ్లి, గేటు దగ్గరే ‘కీమో నడుస్తోంది’ అని చెప్పాను. వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. 100.4కు చేరితే నువ్వూ అంతే చెయ్యి. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేయకు, జ్వరం బయటపడదు.

కణాలు పెరుగుతాయని ఎవరైనా చెప్పినా బొప్పాయి ఆకు రసం మాత్రం వద్దు. ఇలాంటప్పుడు పచ్చి రసాలతో క్రిములు పోతాయి లోపలికి.