టొరంటోలో సరస్సు ఒడ్డున జరిగే యూదు సంగీతోత్సవానికి మనం వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇది: ఆఫీసులో ఎవరో చెప్పారు, లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతంలో హార్బర్‌ఫ్రంట్ దగ్గర యూదుల సంగీతం, డాన్స్ ఉచితంగా ఉంటాయని. మనం యూదులం కాదు, ఆ పాటల గురించి ఏమీ తెలియదు, పిల్లలతో, అత్తగారితో వెళ్తే ఇబ్బందిగా ఉంటుందా, పక్కన నిలబడి చూడాలా, ఆడాలా?

తప్పకుండా వెళ్ళండి. వెళ్ళి ఊరికే కుర్చీల్లో కూర్చుని తిరిగి రాకండి. ఆడుతున్న గుంపులో కలవండి. ఈ ఉత్సవం విషయంలో నేను గట్టిగా చెప్పగలిగింది అదే. కారణం కింద రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

మీ ఆఫీసు మిత్రులు చెప్పింది అష్కెనాజ్ ఫెస్టివల్ అయ్యుంటుంది. డేవిడ్ బుక్‌బైండర్ అనే ట్రంపెట్ కళాకారుడు 1995లో మొదలుపెట్టారు. రెండేళ్ళకోసారి జరుగుతుంది, ఇప్పుడు సరి సంవత్సరాల్లో వస్తోంది. ఆరుబయట కచేరీలు, డాన్సులు చాలావరకు ఉచితం. హాళ్ళలో జరిగే కొన్నింటికి మాత్రం టికెట్ ఉంటుంది. బయలుదేరే ముందు ఆ సంవత్సరం వేదికలు, వేళలు ఒకసారి వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇది మతపరమైన కార్యక్రమం కాదు, ఎవరూ మిమ్మల్ని 'మీరెవరు' అని అడగరు. తూర్పు ఐరోపా యూదులు మాట్లాడిన యిడ్డిష్ భాష చుట్టూ పెరిగిన పాట, ఆట, హాస్యం, నాటకం ఇక్కడ ప్రధానం. స్పెయిన్, మొరాకో, ఇరాక్, యెమెన్ వైపు యూదుల సంగీతం కూడా వినిపిస్తుంది. యూదులంటే అందరూ ఒకే పాట పాడతారనుకుని వెళ్ళేవాళ్ళకు ఆ తేడాలు వినడమే పెద్ద అనుభవం.

అక్కడ ఎక్కువగా వినిపించేది క్లెజ్మెర్. ఉక్రెయిన్, మోల్డోవా, రొమేనియా, పోలండ్ ప్రాంతాల్లో యూదుల పెళ్ళిళ్ళకు వాయించిన సంగీతం. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే విద్య. మొదట్లో వయొలిన్‌దే పెత్తనం, పక్కన సంతూర్ జాతికి చెందిన త్సింబల్. తర్వాత క్లారినెట్ ముందుకొచ్చింది. 1880ల తర్వాత లక్షల మంది యూదులు అమెరికాకు వలస వచ్చినప్పుడు ఈ కళాకారులూ వచ్చారు. నఫ్తులె బ్రాండ్వైన్, డేవ్ టారాస్ అనే ఇద్దరు క్లారినెట్ విద్వాంసులు 1920ల్లో న్యూయార్క్‌లో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులనే ఈనాటి కుర్రకారు వరస వరస విని నేర్చుకుంటున్నారు. ఎందుకంటే అసలు ఊళ్ళలో నేర్పడానికి మనుషులు మిగల్లేదు. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో అత్యధికులు యిడ్డిష్ మాట్లాడేవాళ్ళే.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. మోయిషె బెరెగోవ్‌స్కీ అని కీవ్‌లో ఒక సంగీత పరిశోధకుడు ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఊరూరా తిరిగి యూదుల పాటలు, వాద్యాలు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశారు. యుద్ధం రోజుల్లో జనం కట్టుకున్న పాటలు కూడా ఆయన బృందం సేకరించింది. 1950లో సోవియట్ ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసి శిబిరానికి పంపింది. సేకరణ అంతా నాశనమైపోయిందనే అనుకున్నారు. 1990ల్లో కీవ్‌లోని వెర్నాద్‌స్కీ జాతీయ గ్రంథాలయంలో బయటపడింది. ఆ యుద్ధకాలపు పాటలను టొరంటో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అన్నా ష్టెర్న్‌షిస్, గాయకుడు ప్సోయ్ కొరొలెంకో కలిసి ఆల్బమ్‌గా తెచ్చారు. 2018లో వచ్చిన ఆ ఆల్బమ్ గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళింది. వేదిక మీద ఎవరైనా 'ఈ పాట ఫలానా చోట దొరికింది' అని ఒక్క ముక్క చెప్పి వాయించడం మొదలుపెడితే, ఆ ముక్క వెనక ఇంత కథ ఉండొచ్చు. అందుకే పాట ముందు చెప్పే ఆ నాలుగు మాటలు శ్రద్ధగా వినండి. చాలావరకు ఇంగ్లీషులోనే చెబుతారు.

ఆరుబయట, ఉచితంగా, అందరి కళ్ళముందు జరగడం నాకు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. 1933 వేసవిలో ఇదే టొరంటోలో, ఇదే సరస్సు ఒడ్డున, నగరానికి తూర్పు వైపున్న బీచ్‌లలో కొందరు యువకులు నాజీల గుర్తు స్వస్తిక పేరుతో క్లబ్బు పెట్టుకుని, ఆ బ్యాడ్జీలు తగిలించుకుని బోర్డ్‌వాక్ మీద తిరిగారు, యూదులు అటువైపు రాకూడదని. అదే ఏడాది ఆగస్టు 16న క్రిస్టీ పిట్స్ పార్కులో బేస్‌బాల్ ఆట దగ్గర స్వస్తిక గుర్తున్న గుడ్డ ఎగరేశారు. గంటల తరబడి కొట్లాట జరిగింది. యూదు కుర్రాళ్ళ పక్షాన ఇటాలియన్ కుర్రాళ్ళు నిలబడ్డారు. ఇది తెలిసిన తర్వాత, అదే నీళ్ళ ఒడ్డున క్లారినెట్ వింటూ ఎవరెవరో చేతులు పట్టుకుని తిరగడం చూస్తే నాకు గుండె నిండిపోతుంది. మనం వెళ్ళి ఆ గుంపులో ఒకరం కావడం వాళ్ళకు ఎంతో కొంత లెక్కలోకి వస్తుందని నమ్ముతాను. ఒకసారి నాతో వచ్చిన మా అమ్మని అక్కడున్న పెద్దవాళ్ళు పలకరించిన తీరు చూశాకే ఈ మాట అంటున్నాను.

ఇక సంగీతం. మన చెవికి అది అస్సలు పరాయిగా ఉండదు. మా అమ్మ విజయనగరంలో వీణ నేర్చుకున్న మనిషి. ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. గడ్డి మీద కుర్చీ వేసి కూర్చోబెడితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లారినెట్ ఒక నిదానమైన ఆలాపనలాంటిది ఎత్తుకుంది. అమ్మ కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలైంది. 'మాయామాళవగౌళ' అంది. ఇంకో వరస విని, 'కాదు, నిషాదం కిందుంది. వకుళాభరణం' అంది. ఇంటికొచ్చి చూస్తే నిజమే. క్లెజ్మెర్‌లో బాగా వాడే ఫ్రైగిష్ అనే వరసకు మన 14వ మేళకర్త వకుళాభరణం స్వరాలే ఉన్నాయి: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. వాళ్ళ ఇంకో ముఖ్యమైన వరస స్వరాలు మన హేమవతితో కలుస్తాయి. గమకాలు మాత్రం వేరు. స్వరం చివర గొంతు పట్టేసినట్టు, ఏడుపు మింగినట్టు చిన్న విరుపు ఇస్తారు. దాన్ని వాళ్ళు క్రెఖ్త్స్ అంటారు. వయొలిన్ మీద అయితే వేలు తీగను చటుక్కున తాకి వదిలేయడం దగ్గరనుంచి కనబడుతుంది. మీ పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ ఉంటే సరళీ స్వరాలు మాయామాళవగౌళలోనే మొదలుపెట్టి ఉంటారు కాబట్టి, ఆ ఒక్క నిషాదం తేడా పట్టుకోమని వాళ్ళకే పందెం పెట్టండి. కచేరీ అయ్యేదాకా బుద్ధిగా కూర్చుంటారు.

ఇప్పుడు డాన్స్. మీ అసలు భయం ఇక్కడే ఉందని ప్రశ్న చూస్తే అర్థమైంది. యిడ్డిష్ డాన్సుల్లో చాలావరకు గుంపు ఆటలే. డాన్స్ నేర్పే కార్యక్రమం ఉంటే దానికి మొదట్లోనే వెళ్ళండి. నడిపించే మనిషి ఒకరు మధ్యలో నిలబడి, అడుగు ఎటు వెయ్యాలో చెబుతూ చేసి చూపిస్తారు. ఫ్రైలెఖ్స్ అనేది అన్నిటికన్నా తేలిక. చేతులు పట్టుకుని గుండ్రంగా నడవడం వస్తే చాలు. కాసేపటికి నాయకురాలు వలయాన్ని ఒకచోట తెంపి, గొలుసులా లాక్కుంటూ పోతుంది. ఆ గొలుసు లోపలికి చుట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ విప్పుకుంటుంది, జంటల చేతుల కింద నుంచి దూరి వస్తుంది. ముందున్నవాళ్ళు ఎటు పోతే మీరూ అటే. నిదానంగా, మూడు మాత్రల్లో కుంటినట్టు సాగే హోరా ఒకటుంది. దాన్ని ముసలివాళ్ళు ఎంత అందంగా ఆడతారో! కాళ్ళకన్నా భుజాలు, మణికట్లు, మెడ తిప్పే తీరు చూడాలి. షేర్ మాత్రం నాలుగు జంటలు కలిసి ఆడేది, కొంచెం లెక్క తెలియాలి, మొదటిసారికి చూస్తే సరిపోతుంది.

నాకు బాగా నచ్చింది బ్రోయ్‌గెస్ టాన్జ్. పాతకాలం పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళిద్దరూ ఆడేవాళ్ళట. మొదట అలిగినట్టు మొహాలు తిప్పుకుంటారు. ఒకావిడ దగ్గరికొస్తే ఇంకొకావిడ విసురుగా వెనక్కి తిరుగుతుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఓరచూపు చూస్తుంది. బతిమాలడం, బెట్టు చెయ్యడం, చివరికి కౌగిలించుకుని కలిసి ఆడటం. మాట ఒక్కటి ఉండదు. నేను చూసినప్పుడు ఆడింది ఇద్దరు పెద్దావిడలు. అందులో ఒకావిడ చేతిలో ఎర్ర రుమాలు ఉంది. రెండో ఆవిడ భుజం మీద దాన్ని మెల్లగా కొసతో తాకించి వెంటనే లాగేసుకుంది. ఆ ఒక్క కదలికలో సగం అలక, సగం ప్రేమ కనిపించాయి. మా అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఎవరూ ఆవిడకి కథ చెప్పాల్సిన అవసరం రాలేదు. మీ అత్తగారు కూడా వస్తారన్నారు కాబట్టి కార్యక్రమంలో ఇది ఉందేమో ముందే చూసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నా కూర్చుని ఆనందించగలిగింది ఇదే.

పిల్లలకు ఊరేగింపు ఉంటే అది వదలకండి. పెద్ద పెద్ద బొమ్మలు, ఇత్తడి వాద్యాలు, వెనకే నడిచే జనం. మనమూ నడవొచ్చు.

వెళ్ళే విషయం. కారు తీసుకెళ్ళకండి. ఆ వారాంతం పక్కనే ఎగ్జిబిషన్ ప్లేస్‌లో సిఎన్ఇ (కెనడియన్ నేషనల్ ఎగ్జిబిషన్ అనే పెద్ద తిరునాళ్ళ) చివరి రోజులు, ఆ జనం అంతా అదే దారిలో ఉంటారు. పార్కింగ్ వెతుక్కోవడంలోనే ఒక కచేరీ అయిపోతుంది. మిస్సిసాగా నుంచి అయితే పోర్ట్ క్రెడిట్ లేదా క్లార్క్‌సన్‌లో లేక్‌షోర్ వెస్ట్ గో ట్రైన్ ఎక్కి యూనియన్‌లో దిగండి. అక్కణ్ణుంచి 509 లేదా 510 స్ట్రీట్‌కార్, లేదంటే నడక. ఇంకో సంగతి: లేబర్ డే వారాంతం మధ్యాహ్నాల్లో సరస్సు మీద ఎయిర్ షో ఉంటుంది. జెట్ విమానాలు నెత్తి మీదనుంచి వెళ్తుంటే వయొలిన్ వినబడదు, చంటిపిల్లలు హడలిపోతారు. సంగీతం ప్రశాంతంగా వినాలంటే సాయంత్రం కచేరీలు పెట్టుకోండి. చీకటి పడ్డాక నీళ్ళ మీదనుంచి గాలి చల్లగా వస్తుంది, అత్తగారికి శాలువా పెట్టుకోండి. ఈ మధ్య యూదుల కార్యక్రమాల దగ్గర భద్రత ఎక్కువైంది. బ్యాగులు చూస్తామంటే చూపించండి, టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

తిండి గురించి శాకాహారులకు ఒక మంచి కబురు. యూదుల ఆహార నియమాన్ని కోషర్ అంటారు, దాని ప్రకారం పాలు, మాంసం కలపరు. కాబట్టి కోషర్ డెయిరీ అని రాసి ఉన్న చోట మాంసం ఉండదు. కానీ చేప, గుడ్డు ఆ లెక్కలోకి రావు, డెయిరీ చోట కూడా అవి ఉండొచ్చు. అత్తగారు గుడ్డు తినరంటే అడిగి తీసుకోండి. బంగాళదుంప కూరిన క్నిష్ దొరికితే వేడివేడిగా తినండి, పిల్లలకు కారం ఉండదు.

మీరు ఎక్కువ రోజులు వెళ్ళగలిగితే ఆదివారం తప్పకుండా అందులో ఉండేలా చూసుకోండి. మతనిష్ఠ ఉన్నవాళ్ళు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా శబ్బాత్ అనే వారపు విశ్రాంతి దినం పాటిస్తారు, వాహనం ఎక్కరు. ఆదివారం వాళ్ళూ రాగలరు, తాతలు, మనవలు కలిసి కుటుంబాలు కుటుంబాలుగా కనిపిస్తారు. ఇంకో సంగతి, క్యుబెక్‌లోని లారెన్షియన్ కొండల్లో ఆగస్టు చివర క్లెజ్‌కెనడా అని ఒక శిక్షణ శిబిరం జరుగుతుంది, 1996 నుంచీ ఉంది. అక్కడ నేర్పిన, నేర్చుకున్న కళాకారులు చాలామంది టొరంటో ఉత్సవానికి వస్తుంటారు. వేదిక మీద వాయించినవాళ్ళే దిగి వచ్చి పక్కన ఆడుతూ కనబడతారు. పిల్లలు వెళ్ళి వాద్యం గురించి అడిగితే విసుక్కోవడం నేను చూడలేదు.

పొద్దున్నే చేరుకుంటే ముందు 510 స్ట్రీట్‌కార్‌లో స్పడైనా మీదుగా కెన్సింగ్టన్ మార్కెట్‌కి వెళ్ళి రండి. 1920లు, 30ల్లో అది యూదుల బజారు. దర్జీ పనివాళ్ళు, కోళ్ళ అంగళ్ళు, యిడ్డిష్ పేపర్లు. ఇప్పుడు ఆ కుటుంబాలు బాథర్స్ట్ వీధి వెంట ఉత్తరానికి వెళ్ళిపోయాయి గానీ, కీవ్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), మిన్స్క్ వాళ్ళది ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి. అవి చూసి, అదే బండిలో వెనక్కి ఎక్కితే నేరుగా సరస్సు ఒడ్డుకు వస్తారు. డాన్స్ నేర్పే వేళకు ముందే చేరుకునేలా చూసుకోండి, ఆలస్యంగా వెళ్తే అడుగులు చెప్పడం అయిపోతుంది.