పక్కింటికి బ్యాండ్ సి, మాకు డి ఎందుకు?

ప్రశ్న: నాలుగు నెలల క్రితం లెస్టర్‌లో మూడు పడకగదుల టెర్రస్ (వరుసగా కట్టిన) ఇంట్లోకి అద్దెకు దిగాము. మా కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీద ‘బ్యాండ్ డి’ అని ఉంది. గోడకు గోడ ఆనుకొని, చూడటానికి అచ్చం మా ఇంటిలాగే ఉన్న పక్కింటికి ‘సి’ అని వస్తోంది. అద్దెకున్నవాళ్ళం దీని గురించి అడగవచ్చునా?
— ఒక పాఠకురాలు

జవాబు: అడగవచ్చును. మన ఊళ్ళలో ఇంటిపన్ను యజమాని కడతాడు గాని, ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్స్ సాధారణంగా ఇంట్లో ఉంటున్నవారి బాధ్యత. బిల్లు మీ పేరున వస్తున్నట్లయితే ప్రశ్నించే హక్కూ మీదే. బిల్లు పంపేది స్థానిక కౌన్సిలే అయినా బ్యాండు, అంటే పన్ను తరగతి, నిర్ణయించేది ఇళ్ళకు విలువ కట్టే ప్రభుత్వ విభాగమైన వాల్యుయేషన్ ఆఫీస్ గనుక అర్జీ అక్కడికే వెళ్ళాలి.

బ్యాండుకు ఆధారం నేటి ధర కాదు, మీరు కట్టే అద్దె అసలే కాదు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంతకు అమ్ముడుపోయేదన్నదే లెక్క. నిన్నమొన్న కట్టిన ఇంటికి కూడా, వింతగా తోచినా, అదే తేదీ. ఆనాటి విలువ 52,000 పౌండ్లు దాటి 68,000 వరకు ఉంటే సి, అది దాటి 88,000 వరకు ఉంటే డి.

ఒక్క పక్కింటిని చూసి తొందరపడవద్దు, తప్పు వారి బ్యాండులోనే ఉండవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఏ చిరునామా బ్యాండయినా ఉచితంగా కనిపిస్తుంది కాబట్టి, మీ వీధిలో అదే కాలపు, అదే పరిమాణపు ఇళ్ళు నాలుగైదు చూడండి. మీ వంటగది వెనక్కి పెంచి కట్టినదేమో కూడా గమనించండి: అలా పెంచినందుకు బ్యాండు వెంటనే మారదు, ఇల్లు అమ్ముడైనప్పుడు పెరగవచ్చు. తరవాత, 1995 నుంచి ల్యాండ్ రిజిస్ట్రీలో (ఆస్తుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో) ఉన్న అమ్మకపు ధరల్లో మీ ఇంటిదో, పోలిన ఇంటిదో తీసుకొని, ఇళ్ళ ధరల కాలిక్యులేటరుతో 1991కి లెక్క కట్టండి.

రెండు ఆధారాలూ సి వైపే చూపితేనే అడగండి, ఎందుకంటే సమీక్షలో బ్యాండు తగ్గకపోగా పెరగనూవచ్చు, పక్కింటివారిదీ పెరగవచ్చు. డి పన్నులో సి తొమ్మిదింట ఎనిమిది వంతులు. డి 1,800 పౌండ్లయితే మీకు మిగిలేది ఏడాదికి 200.

పన్ను బాధ్యత మొదలైన ఆరు నెలల్లోపు అధికారికంగా సవాలు చేయవచ్చు. మీకింకా రెండు నెలలే ఉన్నాయి. ఈలోగా బిల్లు కట్టడం ఆపకండి. నిర్ణయం నచ్చకపోతే మూడు నెలల్లోపు ఇలాంటి వివాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఇందులో దేనికీ రుసుము లేదు. కమీషను అడిగే ఏజెంటు అవసరమూ లేదు.