పండుగప్ప మీద పీహెచ్‌డీ చేస్తానంటున్న మా చిన్నికి

చిన్నీ,

మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, ఇది చేపల మీద పీహెచ్‌డీ అంటోంది, బ్యాంకు పరీక్షలు రాసుకోమని నువ్వైనా చెప్పు" అన్నాడు. నేనెందుకు చెప్తాను, ఫోన్ పెట్టేసి టీ కొట్టు దగ్గర అందరికీ మా పిల్ల సైంటిస్ట్ అవుతోందని చెప్పేశాను. కాకపోతే రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు. గమ్ బూట్లు కొనుక్కో. చేపపిల్లల్ని పుట్టించే హేచరీలో పనంతా రాత్రిళ్లే, పగలు పడుకోవడం అలవాటు చేసుకో. తడి చేత్తో మోటార్ స్విచ్ ముట్టుకోవద్దు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగిపోయిందని కంగారుగా పరిగెత్తి వైరు పట్టుకున్న కుర్రాళ్లని చూశాను. చేపలు పోతే పోయాయి, నువ్వు మాత్రం మెయిన్ ఆపకుండా నీళ్లలో దిగావంటే ఊరుకోను.

ఇంజెక్షన్ గురించి భయపడకు, అది ఇప్పుడు సులువు. 1957 జులై 10న ఒడిశాలో అంగుల్ దగ్గర హీరాలాల్ చౌదురి గారు, అలీకున్హి గారు చేపకి ఇంకో చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. అంతకుముందు బొచ్చె పిల్లో శీలావతి పిల్లో కావాలంటే వరదల్లో నదికి పోయి పట్టుకురావాల్సిందే, చెరువులో ఎంత పెరిగినా అవి గుడ్లు పెట్టవు కదా. మా రోజుల్లో మార్కెట్లో చేపల తలలు పగలగొట్టి ఆ గ్రంథి తీసి ఆల్కహాల్‌లో దాచి, నూరి, ఆడచేపకి కేజీకి 2, 3 మిల్లీగ్రాములు, ఆరు గంటలాగి 5 నుంచి 8 ఇచ్చేవాళ్లం, ఆ కంపుకి మీ పెద్దమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేసేది. తర్వాత ఓవాప్రిమ్ వచ్చి ఒక్క సూదితో సరిపోయింది. అందులో గుడ్లు విడిపించే మందుతో పాటు గుడ్లు విడవకుండా ఆపే డోపమైన్‌కి అడ్డుకట్ట వేసే మందు కూడా ఉంటుంది, బొచ్చె జాతికి అది కావాలి. పండుగప్పకి డోపమైన్ బెడద అంత ఉండదు, కాబట్టి మా లెక్కలు తీసుకెళ్లి దానికి అంటగట్టకు.

నా భయం వేరే. సూది వెయ్యబోయే చేప ఎవరి బిడ్డ అన్నది.

కొల్లేరు వైపు ఒకాయన హేచరీకి సలహాలు చెప్పడానికి వెళ్లేవాణ్ణి. పేరెందుకులే. మంచి మనిషే, చెయ్యి తిరిగినవాడు, పొట్ట మెత్తదనం చూసి ఆడచేప ఎప్పుడు విడుస్తుందో చెప్పేవాడు. కానీ పెద్ద చేపలన్నీ రేటొచ్చిందని అమ్మేసి, అమ్ముడుపోని చిన్నవాటిని తల్లులుగా ఉంచేవాడు. చిన్నదైతే పట్టుకోవడం తేలిక, మందూ తక్కువే, డోసు కేజీల లెక్కన కదా. వాటి పిల్లల్లోంచే మళ్లీ తల్లులు, బయటినుంచి ఒక్క చేపా తెచ్చింది లేదు. తొందరగా ఉంటే బొచ్చె, శీలావతి ఒకే గుండ్రటి తొట్టిలో వదిలేసేవాడు, రెండూ కలిసిపోయి అదీ ఇదీ కాని పిల్ల వచ్చేది. చెబితే "సార్, స్పాన్, అదే అప్పుడే పుట్టిన పిల్ల, లక్షల్లో వస్తోంది, ఇంకేం కావాలి" అనేవాడు. నిజమే, స్పాన్ వచ్చేది. చిక్కంతా అదే చిన్నీ, ఈ తప్పు హేచరీలో కనబడదు, కొన్నేళ్లు పోయాక వేరేవాడి చెరువులో కనబడుతుంది. రైతులు మేత మార్చారు, నీళ్లు మార్చారు, సున్నం చల్లారు, చేప మాత్రం సైజుకి రాలేదు. లీజు చెరువు చేసే ఒకతను వచ్చి ఆయన్ని పల్లెత్తు మాట అనకుండా గట్టు మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. మరుసటేడు ఆ చెరువు వేరేవాళ్లు చేశారు.

దీనికి మందు లేకపోలేదు. భువనేశ్వర్‌లో మంచినీటి చేపల పరిశోధన చేసే సీఫా వాళ్లు నార్వే వాళ్లతో కలిసి గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి శీలావతి తెచ్చి, బాగా పెరిగేవాటినే ఏరుకుంటూ తరం తర్వాత తరం తీశారు, అదే జయంతి రోహు. ఓపికతో అయ్యే పని, పేపర్లు త్వరగా రావు, మీ గైడ్‌కి నచ్చకపోవచ్చు.

నీ చేపతో ఇంకా కష్టం. పండుగప్ప మొదట మగగా ఎదిగి, కొన్నేళ్లకి గానీ ఆడగా మారదు. పెద్ద తల్లి ఒక్కటి తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది, అందుకని ఉన్న నాలుగింటితోనే సరిపెట్టేద్దామనిపిస్తుంది. వెళ్లిన మొదటి వారంలోనే ప్రతి బ్రూడర్‌కి, అంటే పిల్లలకోసం పెంచే తల్లి, తండ్రి చేపకి, గుర్తుపట్టే చిప్ ట్యాగ్ ఉందో లేదో చూడు, రెక్క ముక్క డీఎన్ఏకి తీసి పెట్టుకో. ఒక్కో తొట్టిలో చాలా మగవి ఉన్నా పిల్లలన్నీ ఒకటి రెండింటివే అయ్యుండొచ్చు, కంటికి తెలీదు. ఎక్కడ పట్టారు, ఎప్పుడు తెచ్చారు, ఏ తొట్టిలో వేశారు, నోట్‌బుక్‌లో పెన్నుతో రాయి, కంప్యూటర్‌లో తర్వాత ఎక్కించుకోవచ్చు. విసుగ్గా ఉంటుంది, నీకు చిన్నప్పట్నుంచీ రాసే బద్ధకం, హోంవర్క్ నాతో చేయించుకున్నదానివి. ఇది మాత్రం నేను వచ్చి రాయలేను.

రీసెర్చ్ వాళ్లకి ఫెలోషిప్ డబ్బులు మొదట్లో ఆలస్యంగా పడతాయి. మీ నాన్నని అడగడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చెయ్యి, ఆయనకి చెప్పన్లే.

పెదనాన్న